తోడికోడలి చేను

నాలుగు రోజుల కిందట, మా ఊరి అంగన్‌వాడీలో ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయి ఇంటికి వచ్చి, పాత రిజిస్టర్లేమైనా మీ దగ్గర ఉండిపోయాయేమో చూడండమ్మా అని అడిగితే, అటక మీది రేకుపెట్టె దింపించాను. నేను ఆ అంగన్‌వాడీ ఉద్యోగం వదిలేనాటికి పోగుపడిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. అడుగున చుట్టచుట్టిన పోస్టరు ఒకటి కనబడితే ఆ అమ్మాయి విప్పి చూసింది. ఒకే కంచంలో ఇద్దరు అన్నం తింటున్న బొమ్మ, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగుతున్న బొమ్మ, చేతులు కలుపుకున్న బొమ్మ, ప్రతి బొమ్మ కిందా 'ఇలా చేస్తే రాదు' అని పెద్ద అక్షరాలు.

"ఏందమ్మా, కలిసి నీళ్ళు తాగితే ఎయిడ్స్ రాదని గూడా బొమ్మలేసి చెప్పాల్సొచ్చిందా ఆ రోజుల్లో?" అని నవ్వింది.

ఆ పిల్ల తప్పేమీ లేదు, అప్పటికి ఉయ్యాలలో ఉందో లేదో. నేనూ ఆమెతో కలిసి నవ్వాను గాని, ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ పెట్టె ముందే కూర్చుండిపోయాను. ఆ పోస్టరును ఊళ్ళో గోడలకు అంటించింది నేనే. అందులోని మాటలను ఊళ్ళో అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ నేనే.

మన ఈడువాళ్ళకు ఆ కాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వింజమూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే మా ఊరు. ఎర్ర గరప నేలలు, వాన పడితే పంట, పడకపోతే కంప. మా మామగారు పోయేనాటికి ఉన్న ఆరెకరాల్లో మావారికి మూడు, మా మరిదికి మూడు వచ్చాయి. చేలకు నడుమ ఒక్క గట్టు, ఇళ్ళకు నడుమ ఒక్క వాకిలి. అత్తమ్మ మధ్యాహ్నం మా ఇంట్లో, రాత్రి చిన్నకొడుకు ఇంట్లో తినేది. ఎక్కడ కూర బాగుంటే అక్కడ మరో ముద్ద అడిగేది, బాగాలేకపోతే మొహం మీదే చెప్పేది.

మా మరిది ఎద్దులను ముల్లుకర్రతో పొడిచి ఎరగడు. ఈల వేసి మలుపుకొనేవాడు. ఆ ఈల విని మా పిల్లలు చద్దన్నం చేత్తో పట్టుకునే చేలోకి పరుగెత్తేవాళ్ళు. అంత సేద్యం మీద మనసున్న మనిషి, వరసగా మూడేళ్ళు వానలు ముఖం చాటేస్తే, మా పక్క చాలామంది మొగవాళ్ళలాగే బోరుబండి ఎక్కాడు. లారీ మీద మిషను పెట్టుకుని ఊరూరా బోర్లు వేసే బండి అది. ఎక్కినవాళ్ళు కర్ణాటకకు, మహారాష్ట్రకు, ఇంకా పైకి పోయి ఏడెనిమిది నెలలు ఇంటి మొహం చూసేవాళ్ళు కారు. ఆ బండ్ల మీద బతుకు ఎట్లా ఉంటుందో, ఒంటరితనం మనిషిని ఎక్కడెక్కడికి తీసుకుపోతుందో అప్పుడు మేమెవరం ఆలోచించలేదు. తొలకరికి వచ్చి విత్తనం వేసి వెళ్ళేవాడు. వచ్చిన ప్రతిసారీ పులిబొమ్మ దుప్పటి ఒకటి, మా పిల్లలకూ వాళ్ళ పాపకూ కలిపి ఒకటే పొట్లంలో మిఠాయి తెచ్చేవాడు. వేరువేరు పొట్లాలు కడితే వేరువేరు బిడ్డలవుతారని అనేవాడు.

బండెక్కిన నాలుగో ఏడు వచ్చినప్పుడు చొక్కా ఉంది గాని లోపల మనిషి లేడు. విడవని జ్వరం, దగ్గు, తిన్నది నిలవకపోవడం. మొదట టీబీ అనుకున్నాం. వైద్యానికి ఎద్దుల జత అమ్మేశాడు. కొన్నవాళ్ళు వాటిని తోలుకుపోతుంటే వాకిట్లోకి రాలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరికి మావారు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన అన్నదమ్ములిద్దరూ ఇంట్లోకి రాకుండా పశువుల కొట్టం దగ్గర నిలబడిపోయారు. నన్ను అక్కడికే పిలిచారు.

"వదినా, నువ్వు ట్రైనింగులకు పొయ్యొచ్చినదానివి, నీకు చెప్పేపని లేదు," అన్నాడు మరిది, నా మొహం చూడకుండా. "దానికి మాత్రం చెప్పబాక. నేను పొయ్యిందాకా చెప్పబాక."

ఆత్మకూరులో మూడు రోజుల శిక్షణలో నాకు నేర్పిన మొదటి పాఠమే, భర్తకు ఉంటే భార్యకు పరీక్ష చేయించాలని. అది గుర్తుండే తల ఊపాను. చెప్పమని అతన్నే బతిమాలి ఉండవలసింది. అతను దీనంగా చూశాడు, నేను మెత్తబడ్డాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను గాని, నిజం అది కాదు. ఆ మాట నా నోటితో చెప్పాల్సిన పని తప్పిందని లోపల తేలికపడ్డాను.

ఆ ఎండాకాలం చివర అతను పోయాడు. పచ్చకామెర్లని చెప్పుకున్నాం. ఊరు నమ్మినట్టే తల ఊపింది గాని, సమాధి దాకా వచ్చినవాళ్ళెవరూ తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

నెల తిరిగాక నేనే నా తోడికోడల్ని, నాలుగేళ్ళ పాపను ఆత్మకూరు తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించాను. తోడికోడలని రాస్తున్నాను గాని నాకెప్పుడూ ఆమె చెల్లెలే. పాపకు లేదన్నారు. తనకు ఉందన్నారు. తిరుగు బస్సులో పాప ఒళ్ళో నిద్రపోతుంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ చెల్లెలు అడిగింది.

"అక్కా, నీకు ముందే తెలుసు గదా?"

తెలుసన్నాను. ఎప్పటినుంచని అడిగితే అదీ చెప్పాను. తిడుతుందని, ఏడుస్తుందని కాచుకుని కూర్చున్నాను. చాలా దూరం పోయాక అంది: "చెప్పుంటే అట్టా అరిచేదాన్ని కాదు. అన్నం తినడంలేదని రోజూ అరిచినాను ఆయన మింద. కావాలని మారాం చేస్తన్నాడనుకున్నాను."

తన గురించి ఒక్క మాట అడగలేదు. ఆ మాటకు నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఇంటికి చేరాక ఆమె కాఫీ తాగిన గ్లాసును తీసి వేరే గూట్లో పెట్టాను.

ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. నాకు ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఎప్పుడూ నోరు పూసి ఉండేది. భయం ఎక్కడ దూరుతుందో చెప్పలేం. పగలంతా తల్లులను కూర్చోబెట్టి పోస్టరు చూపించి, కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు అని గొంతు పోయేట్టు చెప్పేదాన్ని. ఇంటికి వచ్చి ఆ గ్లాసును సలసల కాగే నీళ్ళతో కడిగేదాన్ని. చెల్లెలు పది రోజులు చూసింది. పదకొండో రోజు నుంచి మా ఇంటికి వచ్చేటప్పుడు తన గ్లాసు తానే కొంగులో చుట్టుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నేను చూడనట్టు ఉండిపోయాను. ఒక్క వాకిట్లో, పదడుగుల దూరంలో, ఒక మనిషి తన గ్లాసు తాను తెచ్చుకుని నా చేతి కాఫీ తాగి వెళ్ళేది.

మావి నాలుగు తరాలుగా బాప్టిస్టు కుటుంబాలు. మా చిన్న గుడిలో నెలకొకసారి ప్రభువు సంస్కారం ఇచ్చేటప్పుడు అప్పట్లో అందరికీ ఒకటే ద్రాక్షరసం పాత్ర, వరసలో చేతులు మారుతూ వచ్చేది. ఆ నెల చెల్లెలు వరస చివర కూర్చోబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాలని చూసింది. చోటు చాలక, చివరికి చెల్లెలు, ఆమె పక్కన నేను, నా పక్కన అత్తమ్మ సర్దుకున్నాం. పాత్ర చెల్లెలి దగ్గర నుంచి నాకు వచ్చింది. పెదవుల దాకా ఎత్తాను. తాగినట్టు తల వంచాను. తాగలేదు. తుడిచినట్టు కొంగుతో అంచు తుడిచి అత్తమ్మకు ఇచ్చాను. ఆమె పాత్ర అందుకుని, నా వంక ఒక్క క్షణం చూసి, పెద్ద గుక్క తాగింది. మా వెనక వరసలో ఇద్దరు లేచి బయటికి పోయారు.

గుడి నుంచి వస్తూ దారిలో అందరినీ ముందు పోనిచ్చి నా పక్కకు వచ్చింది అత్తమ్మ.

"నువ్వు మూతి గూడా తడుపుకోలేదు. నేను చూసినాను," అంది. నాలుగడుగులు వేసి, "ఆయమ్మి గూడా చూసింది," అంది.

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం మా ఇంట్లో, రాత్రి వాళ్ళింట్లో తినే అలవాటు మాత్రం ఆపేసి, రెండుపూటలా చెల్లెలి ఇంట్లోనే తినడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే, ఆడ ఉప్పు సరిపోతా ఉండాదిలే అనేది.

రెండో ఏడు మంచి వానలు పడ్డాయి. మావారు మా ఎద్దులతోనే తమ్ముడి మూడెకరాలు కూడా దున్ని శనక్కాయలు విత్తారు. ఆ ఒక్క విషయంలో ఆయన ఏనాడూ వెనకడుగు వేయలేదు. కలుపుకు మాత్రం మనుషులు రాలేదు. అత్తాకోడళ్ళిద్దరే మోకాళ్ళ మీద పాకుతూ ఇరవై రోజులు తీశారు. చేను బాగా వచ్చింది, మా చేను కంటే బాగా వచ్చింది. కాయ ముదిరి, నేల రాయిలా బిగిసి, ఎట్లా పెరకాలిరా దేవుడా అనుకుంటున్న సమయంలో ఒక మంచి వాన పడింది. సేద్యం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, మా గరప నేలల్లో ఆ పదును మహా అయితే నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ లోపల పెరికితే చెట్టుతోపాటు కాయ వస్తుంది. పదును ఆరిందా, చెట్టు చేతికొస్తుంది, కాయ నేలలో నిలుస్తుంది.

ఊరంతా ఒక్కసారే చెట్టు పెరకడానికి దిగింది. చెల్లెలు ఇల్లిల్లూ తిరిగింది. ఒకరికి నడుము నొప్పి, ఒకరు మాట ఇచ్చేసి ఉన్నారు, ఒకరు తలుపే తీయలేదు. ఒక్కామె మాత్రం దాచకుండా చెప్పింది. "నీ చేలోకొస్తే నీ కడవలో నీళ్ళే తాగాల గదమ్మా. నాకు చిన్నబిడ్డలుండారు. కోపం చేసుకోబాక." చెల్లెలు ఆమె మీదే గౌరవం పెట్టుకుంది, కనీసం మొహం చూసి మాట్లాడిందని.

మా చేలో ఆ రోజు పన్నెండు మంది ఆడవాళ్ళు దిగారు. నేను సెలవు పెట్టి చేలోనే ఉన్నాను. గట్టు అవతల చెల్లెలు, అత్తమ్మ ఇద్దరే. పాపను రేగుచెట్టు నీడలో కూర్చోబెట్టారు. అత్తమ్మ వంగలేక, పిరుదుల మీద జరుగుతూ ఒక్కో చెట్టే లాగేది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మావాళ్ళు అరెకరం పెరికితే వాళ్ళది నాలుగు సాళ్ళు కూడా కాలేదు. మా కూలివాళ్ళు అటు చూడకుండా ఉండటానికి గట్టుకు వీపు పెట్టి పనిచేశారు. నేనూ అట్లాగే చేశాను.

రెండో రోజు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం మావాళ్ళంతా అన్నాలకు కూర్చున్నప్పుడు, అత్తమ్మ చెట్టు గట్టిగా లాగబోయి వెల్లకిలా పడిపోవడం చూశాను. దెబ్బేమీ తగల్లేదు. పడినచోటే పడుకుని, చేతిలో ఉన్న చెట్టును ఎత్తి చూసుకుంది. దానికి నాలుగే కాయలున్నాయి, మిగిలినవి నేలలోనే తెగిపోయాయి. ఆ చెట్టును పక్కన పెట్టి, వేళ్ళతో మన్ను తవ్వి ఆ తెగిన కాయలను వెదుకుతోంది, డెబ్భై ఏళ్ళ మనిషి.

ఎప్పుడు లేచానో, గట్టు ఎప్పుడు దాటానో నాకు తెలియదు. అత్తమ్మను లేపి కూర్చోబెట్టాను. నాకు నోరెండిపోయింది, నీళ్ళున్నాయా అని చెల్లెల్ని అడిగాను. ఆమె కడవ వైపు చూసింది, గట్టు అవతల అన్నాలు ఆపి మావైపే చూస్తున్న పన్నెండు మంది వైపు చూసింది.

"అక్కా, భయంగా ఉంటే వద్దులే. నాకేం కోపం లేదు," అంది మెల్లిగా.

తిట్టినా ఆ మాటంత తగిలేది కాదు. కడవ మీద బోర్లించిన గ్లాసు ఆమెదే. ముంచుకుని తాగాను. ఇంకొక గ్లాసు తాగాను. ధైర్యం వచ్చి తాగానని ఎవరూ అనుకోవద్దు. భయంతోనే తాగాను. తాగిన తర్వాత ఏమీ కాలేదు, ఎండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే. ఇంత చిన్న పనికా రెండేళ్ళు పట్టింది అనిపించింది.

వంగి చెట్టు పెరకడం మొదలుపెట్టాను. కాసేపటికి మావారు వచ్చి, మన చేలో మనుషుల్ని వదిలి ఇక్కడేం చేస్తున్నావని అడిగారు. ముందు ఇది పెరుకుదామన్నాను.

"మన పదును గూడా ఆరిపోతా ఉండాది, తెలస్తా ఉండాదా నీకు?" అన్నారు.

"తెలుసు," అన్నాను.

ఆయన గట్టు మీద నిలబడి రెండు చేలనూ మార్చి మార్చి చూశారు. తర్వాత తువ్వాలు తలకు చుట్టుకుని, గట్టు దిగి మా పక్క సాలు పట్టుకున్నారు. మా ఊళ్ళో మొగవాళ్ళు పైరు కోయడం, మోయడం తప్ప ఆడవాళ్ళతో సాలు పట్టి శనక్కాయ చెట్టు పెరికేవాళ్ళు కారు. మా కూలివాళ్ళను రమ్మని పిలిస్తే పదిమంది కదల్లేదు, మర్నాటి నుంచి వాళ్ళలో సగంమంది మా చేలోకీ రాలేదు. మా ఇళ్ళల్లో కాన్పులు చేసిన ముసలామె, ఆమె కోడలు, ఇద్దరు లేచి వచ్చారు. "మా చేతుల మీద పుట్టిన బిడ్డలు తిరిగిన చేను ఇది, పాండి," అంది ఆమె. వచ్చి మొదట చేసిన పని, చెల్లెలి కడవలో ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని తాగడం.

కథల్లో అయితే ఊరంతా కదిలి వచ్చి ఉండేది. మేము మాత్రం ఆరుగురమే. నాలుగో రోజు సాయంత్రానికి చెల్లెలి చేలో ఎకరన్నర పెరికాం. మిగిలిన ఎకరన్నర, మా చేలో ముక్కాలు ఎకరం నేల బిగిసిపోయి కాయ లోపలే నిలిచిపోయింది. తర్వాత నెలరోజులు పారలతో తవ్వుకుని ఏరుకున్నాం. సగం అడవిపందుల పాలైంది. మావారు ఆ ఏడు ఎవరడిగినా, మాకు పంట కొంచెం తగ్గిందని మాత్రమే చెప్పేవారు, ఎందుకు తగ్గిందో చెప్పేవారు కాదు. పెరకడం అయిన రోజు చెల్లెలు మా ఇంటికి వచ్చింది, చేతులు రెండూ బొబ్బలు. గ్లాసు తెచ్చుకోలేదు. నేను ఇచ్చిన గ్లాసులో తాగి, తానే కడిగి, మా గ్లాసుల్లో బోర్లించి వెళ్ళింది. మర్నాడు అత్తమ్మ మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికి వచ్చి, పులుసులో చింతపండు ఎక్కువైందని చెప్పింది.

ఆ తర్వాత రెండేళ్ళకు చెల్లెలికి కూడా జ్వరాలు మొదలయ్యాయి. ఇక ఇంతే అనుకున్నాం. అప్పటికి నెల్లూరులో మందులు ఉచితంగా ఇస్తున్నారని తెలిసి, నెలనెలా తెల్లవారుజాము బస్సుకు ఇద్దరం వెళ్ళేవాళ్ళం. మొదటి మూడు నెలలు ఆ మాత్రలకు తల తిరిగి, వాంతులై, నాకొద్దక్కా అని ఏడ్చేది. నాలుగో నెలలో ఒకరోజు, బస్సు దిగగానే ఆకలేస్తోందంది. హోటల్లో రెండు దోశలు తిని మూడోది చెప్పింది. నేను తినడం మానేసి ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. మూడెకరాల్లో రెండెకరాలు నిమ్మ పెట్టింది, ఒంటికి అంత శ్రమ ఉండదని. పాప వింజమూరులో కుట్టుషాపు పెట్టుకుంది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు చెల్లెలే ఎదురుగా కూర్చుని తన సంగతి, వాళ్ళ నాయన సంగతి దాచకుండా చెప్పింది. మొదట వచ్చినవాళ్ళు కబురు చేస్తామని వెళ్ళారు. రెండోసారి వచ్చినవాళ్ళు విని, పిల్లకు లేదు గదా, మీరు మాతో కూర్చుని భోజనం చెయ్యండి ముందు అన్నారు. అత్తమ్మ అది చూసే పోయింది. ఆమెకు ఆఖరిసారి స్నానం చేయించింది మేమిద్దరమే.

చెట్టు పెరకడానికి ఇప్పుడు ట్రాక్టరు వస్తుంది. అది ఎవరి చేనని అడగదు, ఎవరి కడవలో నీళ్ళని అడగదు. మంచిదే. ఒకరి చేలోకి ఒకరు దిగే పనే లేకుండా పోయింది గనుక, దిగను అనే అవసరమూ ఎవరికీ రాదు. ఆ జబ్బు ఇప్పుడు బీపీ, షుగరు పక్కన మరో మాత్ర అయిపోయింది. అదీ మంచిదే.

కాని మొన్న సీతారామపురం పోతూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా చేల మధ్య అక్కడక్కడా నాలుగెకరాలు, రెండెకరాలు సర్కారుతుమ్మ పెరిగిపోయి ఉంటుంది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల, నీళ్ళు లేక బీడు పెట్టేసినట్టుండారు అంది. అవునన్నాను. నేను ఇంటింటికీ తిరిగి బిడ్డలను లెక్క రాసుకున్న ఊళ్ళు అవి. ఆ తుమ్మ ఉన్నచోట ఎవరి చేను ఉండేదో, ఆ ఇంట్లో ఆ జబ్బుతో ముందు ఎవరు పోయారో, తర్వాత ఎవరు పోయారో, మిగిలిన పిల్లను ఏ ఊరి మేనమామ తీసుకుపోయాడో నాకు తెలుసు. వాళ్ళ గట్టు అవతల కూడా ఒక చేను ఉండేది, అందులో మనుషులూ ఉండేవాళ్ళు. నీళ్ళు లేక కాదమ్మా అని ఆ పిల్లకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె దిగే ఊరు వచ్చింది.